విస్కీలో చక్కెర లేదను వాదము

బరువు తగ్గదలచినవాడు మద్యమును బొత్తిగా మానవలసిన పనిలేదనియు, మితముగా పుచ్చుకొన్నచో దానివలన దేహమునకు గాని దీక్షకు గాని లోటు రాదనియు, అందులోను బీరు విడిచి విస్కీ పట్టినవానికి ఇక శంకించవలసినదే లేదనియు చెప్పు సిద్ధాంతమొకటి ఇటీవలి కాలమున మన పల్నాటిసీమలో బాగుగా వేళ్లూనికొని, చదువుకొన్నవారి నోటను చదువుకొననివారి నోటను సమానముగా నానుచు, వైద్యశాస్త్రమే తన వెనుక నిలిచియున్నదన్నంత ధీమాతో సంచరించుచున్నది. నరసరావుపేటలో తెల్లవారుజామున జిమ్ముకు పోవు యువకులు దీనిని నమ్ముచున్నారు. మాచర్లలో నాపరాళ్ల వ్యాపారము చేయువారు నమ్ముచున్నారు. గురజాలలో కోర్టు వాయిదాకు వచ్చి చెట్టునీడన నిలిచిన నడివయసు రైతు సైతము, నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు దాటినదని వైద్యుడు హెచ్చరింపగా అన్నము తగ్గించి, తీపి విడిచి, సాయంకాలపు గ్లాసును మాత్రము ఆ పట్టీలో చేర్చక, "అన్నం మానేశా బాబాయ్, స్వీటు ముట్టుకోను. రాత్రికి రెండు పెగ్గులంటావా, విస్కీలో షుగరే ఉండదంట గదా!" అని నిర్మలమైన మనస్సుతో పలుకుచున్నాడు.

ఈ సిద్ధాంతమును ఖండించుట కొరకే నేనీ వ్యాసమునకు పూనుకొన్నాను. ఇది పచ్చి అబద్ధమైనచో ఇంత శ్రమ అవసరము లేకపోయెడిది. దీనిలో ప్రతి ముక్కయు విడివిడిగా చూచినప్పుడు కొంత నిజమే. ముక్కలన్నియు కలిసి చేయించు పని మాత్రము తప్పు.

ముందుగా నా తగవు హద్దులు చెప్పవలెను. మద్యమును గూర్చిన వివాదము మన రాష్ట్రములో చిన్నది కాదు. 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి ఆంధ్రరాష్ట్ర మంత్రివర్గము మద్యనిషేధపు తగవులో ఒక్క ఓటు తేడాతో కూలిపోయినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాకొట్టును మూయించిన కథ రాష్ట్రమంతటను ప్రాకి, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధముగా పరిణమించి, 1997లో ఆ నిషేధమును సడలిపోయినది. 2024 అక్టోబరులో వచ్చిన కొత్త విధానము 99 రూపాయలకే క్వార్టరు సీసాను అందుబాటులోనికి తెచ్చినది. ఇదంతయు కుటుంబ క్షేమమునకును, ప్రభుత్వ ఖజానాకును సంబంధించిన చరిత్ర. నా ప్రశ్న అంత విశాలమైనది కాదు. బరువు తగ్గవలెనని ఎవరి బలవంతమును లేక తనంతట తాను సంకల్పించుకొన్న మనిషి, ఆ సంకల్పము నెరవేరువరకు గ్లాసు పట్టవచ్చునా, పట్టరాదా యన్నదొక్కటే నేను విచారింపబోవునది. మద్యపానము పాపమా, కాదా యని తెలిసికొనగోరువారు మరియొకరి వ్యాసము చదువుకొందురు గాక.

ప్రశ్న చిన్నదైనను వర్తించువారు తక్కువమంది కారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశములో స్త్రీలలో 36 శాతము, పురుషులలో 31 శాతము మంది అధిక బరువు గలవారు. శ్రీనాథుడు వచ్చి జొన్నకూడు తప్ప మరేమియు దొరకలేదని విసుగుకొన్న సీమ ఇది. నాగార్జునసాగరు కుడికాలువ పారిన తరువాత ఇక్కడ వరి పండినది, మిరప పండినది, ప్రత్తి పండినది, వాటితోపాటు మన పొట్టలును పండినవి. ఆ మహాకవి ఈసడించిన జొన్నరొట్టెను నేడు డైటు పేరిట వీధి పొయ్యిల దగ్గర వరుసలో నిలిచి కొని తినుచున్నాము. అట్టి రొట్టెను మధ్యాహ్నము భక్తితో తినినవాడు రాత్రికి ఏమి చేయుచున్నాడన్నదే ఇక్కడి విచారము.

ఈ వాదము మన ఊళ్లలో పుట్టినదని ఎవరును గర్వింపనక్కరలేదు. ఇది నూటయరువది యేండ్లు పైబడిన ముదుసలి. లండను నగరములో అంత్యక్రియల ఏర్పాట్లు చేయు వ్యాపారియైన విలియం బాంటింగు 1863లో తన స్థూలకాయమును గూర్చి ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. రొట్టె, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంప మానివేసి తాను ఏడాది కాలమున 202 పౌన్ల నుండి 156 పౌన్లకు దిగితినని అతడు వ్రాసెను; ఐతే భోజనముతో రెండు మూడు గ్లాసుల ద్రాక్షాసవమును, పడకవేళ చక్కెర కలపని జిన్ను గాని విస్కీ గాని బ్రాందీ గాని అతని పట్టికలో నిశ్చింతగా నిలిచియున్నవి. తరువాత నూరేండ్లకు, 1964లో, శాన్‌ఫ్రాన్సిస్కో నివాసియైన రాబర్టు కామెరాను త్రాగువారి కొరకే ప్రత్యేకముగా ఒక డైటు పుస్తకము అచ్చువేసి లక్షల ప్రతులు అమ్ముకొనెను. పిండిపదార్థము తగ్గించుము, గ్లాసు వదలనక్కరలేదు, అన్నది దాని సారము. మన దగ్గర 2017, 2018లలో వీరమాచనేని రామకృష్ణగారి కొబ్బరినూనె, నిమ్మకాయల పద్ధతి తెలుగు జిల్లాలను ఊపివేసినప్పుడు, పిండియే పరమశత్రువన్న భావము ఇంటింటికిని చేరినది. ఆ పద్ధతి మంచిచెడ్డలు ఇక్కడ అప్రస్తుతము. దాని కర్త మద్యము త్రాగుమన్నాడని నేననుటయు లేదు. డైటు చేయువారు చేసి, విడుచువారు విడిచిన తరువాత, లెక్కింపవలసినది పిండినొక్కదానినే యన్న అలవాటు మాత్రము జనులలో మిగిలినది. ఆ అలవాటు సందులోనుండి విస్కీ సీసా లోనికి వచ్చినది.

బాంటింగు తగ్గినాడు గదా, కామెరాను తొంబదియెనిమిదేండ్లు బ్రదికినాడు గదా యని ప్రతివాదులు అడుగవచ్చును. నిజమే. కాని బాంటింగు తగ్గినది రొట్టెయు చక్కెరయు బీరును మానినందున. పడకవేళ గ్లాసు కూడ మానియున్నచో ఇంకెంత తగ్గెడివాడో అతడును పరీక్షింపలేదు, మనకును తెలియదు. ఇక దీర్ఘాయువు మాట: మన ఊళ్లలో చుట్ట కాల్చుచు తొంబదియేండ్లు దాటిన తాతలు లేరా? వారిని చూపి చుట్టను ఔషధమని ఎవరును ప్రచారము చేయలేదు.

విస్కీలో చక్కెర లేదు, అంగీకరించితిని. పిండి లేదు, కొవ్వు లేదు, అదియు అంగీకరించితిని. అయినను ఉన్న పదార్థమేమో చూడవలెను గదా. పిండిపదార్థము గ్రాముకు 4 కెలోరీలు, మాంసకృత్తు 4, కొవ్వు 9. మద్యసారము గ్రాముకు 7. మన దుకాణములలో అమ్ము విస్కీ, బ్రాందీలు సామాన్యముగా 42.8 శాతము మద్యసారము గలవి. ఆ లెక్కను 60 మిల్లీలీటర్ల పెగ్గులో 20 గ్రాముల మద్యసారము, 140 పైచిలుకు కెలోరీలు. 180 మిల్లీలీటర్ల క్వార్టరులో 60 గ్రాములు, 425 కెలోరీలు. ఎనుబది కిలోల మనిషి ఒక్క క్వార్టరును ఖర్చుచేయుటకు సుమారు గంటన్నర వడిగా నడువవలెను. చక్కెర లేనందున ఈ సంఖ్యలు మారవు. నెయ్యిలోను చక్కెర లేదు. అందుచేత గిన్నెడు నెయ్యి త్రాగి ఎవడైన తేలికపడినాడా?

దీనికి ప్రతివాదులలో తెలివిగలవారు ఒక సమాధానము చెప్పుదురు: రెండు పెగ్గుల 280 కెలోరీలను మరొక వస్తువులో తగ్గించుకొందుము, జమాఖర్చులు సరిపోవును, అని. సిద్ధాంతరీత్యా కాదనలేను. కాని డైటులో నున్నవాడు రోజుకు 1500 కెలోరీలతో కాలక్షేపము చేయుచున్నాడనుకొనుడు. రెండు పెగ్గులు అందులో ఇంచుమించు అయిదవ వంతు. ఆ అయిదవ వంతులో మాంసకృత్తు లేదు, పీచు లేదు, విటమిను లేదు, ఆకలి తీర్చు గుణము అసలే లేదు. దానికి చోటు కల్పించుటకై అతడు దేనిని తీసివేయవలెను? గ్రుడ్డునా, పప్పునా, కూరనా? మొదటినుండి కొద్దిగా తినువాని పళ్లెములో వృథా పదార్థమునకు చోటుండదు. స్థిరమైన బరువుతో సుఖముగా నున్నవానికి మితమైనది, లోటుమీద బ్రదుకుచున్నవానికి మితము కాదు. ప్రతివాదులు అస్తమానము విస్మరించుచున్నది దీనినే.

ఇంతకంటె గట్టి సంగతి కాలేయములో జరుగుచున్నది. పిండిపదార్థము మిగిలినచో దాచుకొనుటకు కాలేయమునను కండరములలోను చోటు గలదు. కొవ్వు మిగిలినచో దాచుకొనుటకు పొట్టచుట్టు కావలసినంత చోటు గలదు. మద్యసారమునకు మాత్రము శరీరమున ఎక్కడను నిలువయుండు తావు లేదు. పైగా అది విషము. కావున కాలేయము తన పనులనేకము ప్రక్కకు నెట్టి, దానిని మొదట అసిటాల్డిహైడుగాను పిమ్మట అసిటేటుగాను మార్చి రక్తములోనికి వదలును. శరీరము ఆ అసిటేటునే ముందుగా ఇంధనముగా వాడుకొనును. అంతవరకు కొవ్వు కరగుట వాయిదా పడును. సాగరు కుడికాలువక్రింద సేద్యము చేసిన పల్నాటి రైతునకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు: ఎగువవాడు తూములన్నియు తెరచి పారించుకొనుచున్నంతకాలము చివరి ఆయకట్టునకు నీరు రాదు, మన కొవ్వు ఆ చివరి ఆయకట్టు.

ఇది నా ఊహ కాదు. 1992లో స్విట్జర్లాండులోని లోజాను నగరమున శాస్త్రజ్ఞులు ఆరోగ్యవంతులను ప్రత్యేకమైన గదిలో రేయింబవళ్లు ఉంచి, వారి శ్వాసను కొలిచి, మద్యము పుచ్చుకొన్ననాడు కొవ్వు దహనము సుమారు మూడవ వంతు తగ్గినదని తేల్చిరి. ఆహారమునకు తోడుగా ఇచ్చినను, ఆహారమునకు బదులుగా ఇచ్చినను తగ్గినది. అక్కడ ఇచ్చిన మోతాదు పెద్దదని ఆక్షేపింపవచ్చును. ఐనచో 1999లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో జరిగిన పరీక్షను చూడుడు. అక్కడ ఎనిమిదిమంది పురుషులకు ఇచ్చినది 24 గ్రాములు, అనగా మన విస్కీలో సుమారు 70 మిల్లీలీటర్లు. త్రాగిన పిదప కొన్ని గంటలపాటు వారి దేహములలో కొవ్వు దహనము 73 శాతము పడిపోయెను. త్రాగిన మద్యములో కొవ్వుగా మారినది నూటికి అయిదు పాళ్లకంటె తక్కువేనని అదే పరీక్షలో తేలినది. ఈ రెండవ ఫలితమును మాత్రము పట్టుకొని, "మందు కొవ్వు కాదంట" అని కొందరు ఊరేగుచున్నారు. నిజమే, మద్యము కొవ్వు కాదు. దానితో తినిన పకోడీ కొవ్వగును. ఏలయన దానిని కరగించువాడు వేరుపనిమీద ఉన్నాడు.

ఇక ఆ పకోడీని దగ్గరగా చూతము. త్రాగువాని ముందు గ్లాసు ఒంటరిగా ఉన్న దృశ్యము మీరెవరైన చూచితిరా? నేను చూడలేదు. శనివారము రాత్రి ఎనిమిది గంటలకు నలుగురు కూర్చుందురు. డైటులో నున్నవాడు తనకు ఏమియు వలదని ముందుగానే ప్రకటించును, "నాకు స్టఫ్ వద్దురా, పల్లీలు చాలు" అనును. పల్లీలు వచ్చును, వేయించి, ఉల్లిముక్కలు, పచ్చిమిరప తరిగి, నిమ్మకాయ పిండి, పైన కారము చల్లినవి. పల్లీలు మంచి ఆహారమే, కాని గుప్పిటనుండి నోటికి పోవునప్పుడు లెక్కకు అందవు. యాబది గ్రాములు తినుసరికి 280 కెలోరీలు. మొదటి పెగ్గు సగము కాగానే కోడి పకోడీ వచ్చును, కరివేపాకుతో సహా నూనెలో కరకరలాడినది, కాగితము మీద నూనె మరకలు ప్రాకుచుండగా. అతడు మొదట కరివేపాకు తినును. పిమ్మట ఒక ముక్క. రెండవ పెగ్గులో సోడా పోయువేళకు అతని చేయి తనంతట తానే పళ్లెము మీదికి పోవుచుండును, ఎవ్వరును బలవంతపెట్టరు. పదిన్నరకు ఎవడో ఒకడు "బిర్యానీ తిందామా మామా" అనును. ఆ ప్రశ్నకు కాదని చెప్పగల మనిషి సాయంత్రము ఆరుగంటలకు ఉండెను, పదిన్నరకు లేడు.

మనోబలము లేక అతడు తినినాడని నిందించుట సులభము, కాని అది అన్యాయము. 2017లో లండనులోని ఫ్రాన్సిస్ క్రిక్ పరిశోధనాలయమువారు ఎలుకలకు మద్యము ఇచ్చి చూడగా, కరవులో ఆకలిని రేపు మెదడు కణములే మద్యముచేత ఉత్తేజము పొందినవి. ఎలుకలు ఎక్కువ తినినవి. ఎలుకలకు స్నేహితుల ఒత్తిడి లేదు, బిర్యానీ వాసన లేదు. మద్యము ఆకలిని చల్లార్చకపోగా, కడుపునిండా కెలోరీలు పోసికొనివచ్చి, ఇంకను ఆకలిగానున్నదని మెదడునకు కబురు పంపును. డైటులో నున్నవానికి దీనికంటె అపకారి మరియొకటి దొరుకుట కష్టము.

"వారానికి ఒక్కరోజే గదా" అన్నది తరువాతి కోట. లెక్క చూతము. ఆరుదినములు రోజుకు 500 కెలోరీల చొప్పున కడుపు కట్టుకొన్నవాడు 3000 కెలోరీలు కూడబెట్టినాడు. ఏడవనాటి రాత్రి క్వార్టరుకు 425, పల్లీలకు 280, పావుకిలో పకోడీకి 500 పైన, బిర్యానీకి ఏడెనిమిది వందలు. అతడు అసలు తినవలసియున్న రెండు జొన్నరొట్టెల పాలు తీసివేసినను 1500 అదనము. వారమంతయు పడిన పాటులో సగము ఒక్క రాత్రిలో పోయినది. ఆదివారము తలనొప్పితో లేచి నడకకు పోలేదన్నది, చెడిన నిద్ర మరునాడు రేపు ఆకలి, ఇవి పద్దులో వ్రాయకుండనే. ఇట్లు మూడునెలలు జరిగిన పిమ్మట అతడు ఏమనునో మనకందరకు తెలియును: "ఈ డైట్లు నా ఒంటికి పడవు!"

మితమనగా ఎంత? ప్రపంచ ఆరోగ్య సంస్థవారి లెక్కలో ఒక పానీయమనగా 10 గ్రాముల మద్యసారము, అనగా మన విస్కీ 30 మిల్లీలీటర్లు. పల్నాటిలో ముప్పది మిల్లీలీటర్లు పోసి అతిథికి అందించినచో అది అవమానము క్రింద లెక్క. మన కొలతలు సీసాలు నిర్ణయించినవి: నైంటీ, క్వార్టరు, హాఫు. మనిషి బరువు, వయస్సు, కాలేయము ఆ కొలతలలో ఎక్కడను లేవు. పైగా ఇండ్లలో పోయునది స్టీలు గ్లాసులోనికి, కంటి అంచనాతో, అదియు రెండవసారి పోయువేళకు అంచనా వేయు కన్నే త్రాగియున్నది. కూర్చున్నప్పుడు సీసా ఖాళీ చేయకుండ మూతబెట్టి దాచుట మనలో మర్యాద కాదు. ఇట్టిచోట మితపానమును సమర్థించువారు, ఏ దేశపు గ్లాసును మనస్సులో పెట్టుకొని మాటలాడుచున్నారో చెప్పవలసియున్నది.

బీరు పక్షమువారిది మరియొక పాట. రెంటచింతల ఎండలు ఎరిగినవారికి, చల్లని సీసా చూడగానే కలుగు ఆశను నేను ఆక్షేపింపను. ఐనను బీరు ఒంటికి చలువ అను మాట ఒప్పుకొనను. మద్యము మూత్రమును అదుపులో నుంచు హార్మోనును అణచివేయును. అందుచేత త్రాగిన నీటికంటె పోవు నీరు ఎక్కువగుట కలదు. త్రాగిన మరునాటి ఉదయము తూకపు యంత్రము ఎక్కి, అరకిలో తగ్గితినని సంతోషించువారు ఈ రహస్యమును తెలిసికొనవలెను. తగ్గినది నీరు, సాయంత్రమునకు తిరిగివచ్చును. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగు బీరు సీసాలో మద్యసారమును, మిగిలిన పిండిపదార్థమును కలిపి 300 కెలోరీలు దాటును. తాటికల్లు సహజమని చెప్పువారికి కూడ ఇదే సమాధానము; సహజమైన మద్యసారమునకు గ్రాముకు ఆరు కెలోరీలని ప్రకృతి రాయితీ ఈయలేదు.

ప్రతివాదుల చేతిలో ఒక మంచి ఆయుధము గలదు. దానిని దాచుట న్యాయము కాదు. 2010లో అమెరికా పరిశోధకులు 19,220 మంది నడివయసు స్త్రీలను సుమారు 13 ఏండ్లు గమనించి, కొద్దిగా త్రాగువారు అసలు త్రాగనివారికంటె తక్కువ బరువు పెరిగిరని ప్రకటించిరి. ఈ ఒక్క వార్త ఎన్ని గ్లాసులను నింపినదో చెప్పలేను. ఐతే ఆ స్త్రీలందరు అధ్యయనము ఆరంభించునాటికి సరియైన బరువులో నున్నవారు. బరువు తగ్గుటకు దీక్ష పట్టినవారు కారు. ఎవరికి ఏ మోతాదు అన్నది వారు స్వయముగా ఎంచుకొన్నదే గాని పరిశోధకులు నిర్ణయించినది కాదు. త్రాగు స్త్రీలు ఇతరాహారము తగ్గించుకొన్న జాడలును అందులో కలవు. మన శనివారపు సభలో అట్టి జాడ మీకేమైన కనబడినదా? పెరుగకుండుట వేరు, తగ్గుట వేరు. నిశ్చయముగా తగ్గుటకు పూనుకొన్నవారిని గూర్చిన సాక్ష్యము కావలసినచో, అమెరికాలోనే మధుమేహమును అధిక బరువును గల వేలమందిపై జరిగిన లుక్ ఎహెడ్ పరిశోధన గలదు. దాని ఫలితములలో మద్యమునకు సంబంధించిన భాగము 2019లో వెలువడినది. మొదటి ఏడాది త్రాగువారికిని త్రాగనివారికిని భేదము కనబడలేదు. నాలుగవ ఏడాదికి, గట్టి శిక్షణ పొందినవారిలో ఆ కాలమంతయు మద్యము ముట్టనివారు, ఎప్పుడైన త్రాగినవారికంటె తమ బరువులో 1.6 శాతము అదనముగా తగ్గియుండిరి. భేదము బ్రహ్మాండము కాదు; దానిని బ్రహ్మాండమని నేను అనను. కాని మొదటి ఏడాది తగ్గుట అందరికి చేతనగు పని; తగ్గినది నిలుపుకొనుట ఎంత దుర్లభమో ఒకసారి తగ్గి మరల పెరిగినవారిని అడుగుడు. భేదము కనబడినది సరిగా ఆ నిలుపుకొను కాలముననే.

సంస్కృతము వచ్చిన మిత్రుడొకరు చరకుని సాక్ష్యమునకు పిలిచిరి. విధిపూర్వకముగా, మాత్ర తప్పక, కాలమెరిగి, హితమైన అన్నముతో, తన బలమునకు తగినట్లు త్రాగినవానికి మద్యము అమృతతుల్యమని చరకసంహిత చికిత్సాస్థానములో ఉన్నమాట వాస్తవమే. ఆ నిబంధనలలో ఎన్నింటిని ఆయన పాటించుచున్నారని నేనడుగలేదు. పెద్దలను ఇబ్బంది పెట్టరాదు. కాని అదే చరకుడు సూత్రస్థానము 21వ అధ్యాయమున అతిస్థూలునకును అతికృశునకును వేర్వేరు చికిత్సలు చెప్పినాడు. చిక్కిపోయినవాడు పుష్టిపొందుటకు ఏమేమి కావలెనో ఏకరువు పెట్టుచు, నిద్ర, సంతోషము, మెత్తని పడక, కొత్త ధాన్యము, మాంసరసములు, వాటి సరసన కొత్త మద్యమును పేర్కొన్నాడు. ఆహారద్రవ్యముల అధ్యాయములోను సుర కృశించినవారికి ప్రశస్తమని చెప్పినాడు. లావెక్కదలచినవాని పట్టికలో ఉన్న వస్తువును తగ్గదలచినవాడు పట్టుకొని, పైగా ఆచార్యుని పేరు చెప్పుట, ఆచార్యునకు మర్యాద కాదు. స్థూలునకు ఆయన చెప్పినవి తేనె కలిపిన నీరు, యవలు, వ్యాయామము, మేలుకొనియుండుట. వీటిని గూర్చి నా మిత్రుడు ప్రస్తావింపలేదు.

స్నేహము, సభ్యత, నలుగురిలో కలిసియుండుట యని మిగిలిన ఒక కారణము చెప్పుదురు. కారెంపూడిలో ఒకే చాపమీద అన్ని కులములవారిని కూర్చుండబెట్టి చాపకూడు కుడిపించిన బ్రహ్మనాయుడి సీమలో, పొత్తు కలియుటకు సీసా కావలసివచ్చినదనుట మనకే చిన్నతనము. నిమ్మకాయ సోడా పట్టుకొని కూర్చున్న మిత్రుని ఎగతాళి చేయుట, మొదటి రెండువారముల తరువాత ఎవరికైన విసుగు పుట్టును.

కావున బరువు తగ్గదలచిన పాఠకునికి నా మాట ఇది: తగ్గవలసినంత తగ్గి, తగ్గినది ఒక ఏడాది నిలుచువరకు గ్లాసును దూరముగా నుంచుడు. అది సాధ్యము కాదనుకొన్నచో త్రాగుడు, మీ ఇష్టము. కాని ముప్పది మిల్లీలీటర్లు కొలగిన్నెతో కొలిచి, భోజనము తరువాత మాత్రమే, పళ్లెము తీసివేసిన పిమ్మట త్రాగి, ఆ కెలోరీలను అన్నము లెక్కలోనే వ్రాసికొనుడు. చక్కెర లేదను మాటతో ఆ పద్దును కొట్టివేయకుడు. దినదినము ఎక్కువగా త్రాగు అలవాటున్నవారు ఒక్కసారిగా మానినచో వణుకు, మూర్ఛ మొదలగు అపాయములు కలుగవచ్చును; వారు వైద్యుని సాయముతోనే మానవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, మధుమేహమునకు ఇన్సులిను గాని, గ్లిమెపిరైడు వంటి మాత్రలు గాని వాడుచు పిండి తగ్గించిన డైటులో నున్నవారు ఈ చక్కెర లేని విస్కీ వాదమును చెవినిబెట్టనే రాదు. ఆకలితో నున్న దేహమునకు చక్కెర తయారుచేసి పెట్టవలసినది కాలేయము. మద్యము ఆ పనిని ఆపివేయును. రక్తములో చక్కెర రాత్రివేళ ప్రమాదకరముగా పడిపోవచ్చును, చూచినవారు మత్తని పొరపడవచ్చును. అట్టివారు డైటు మొదలుపెట్టుటకు ముందే తాము త్రాగు సంగతిని, ఎంత త్రాగుదురో కూడ, తమ వైద్యునకు దాపరికము లేక చెప్పవలెను.